అళగిరిసామి ముక్కు

మా ఆయనకు వాసన తెలియదన్న సంగతి రెండేళ్లపాటు నాకొక్కదానికే తెలుసు. కూతురు మేనకకు కూడా చెప్పలేదు. చెబితే అది మొగుడికి చెబుతుంది, అల్లుడికి తెలిసిందంటే మేముండే సింగానల్లూరంతా చాటింపు వేసినట్టే. కరోనా రెండోసారి వచ్చిన ఏడాది ఇద్దరం జ్వరం పడ్డాం. నాకు పదిరోజుల్లో అన్నీ తిరిగొచ్చాయి. ఆయనకు ఒంట్లో సత్తువ వచ్చింది కానీ వాసన రాలేదు. నెల చూశారు, ఆరు నెలలు చూశారు. వస్తుంది, ఓపిక పట్టమన్నాడు డాక్టరు. పాలు పొంగి మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్న మనిషిని చూసి నేను ఓపిక పట్టాను.

గుమాస్తాకో బడిపంతులుకో ముక్కు పనిచేయకపోతే కొంప మునగదు. ఈయన అళగిరిసామి. కోయంబత్తూరులో పాతబండ్లు పెట్టుకున్నవాళ్లకు నూనె కారుడు పట్టుకునే మనిషి ఈయనే. పద్దెనిమిదో ఏట సూలూరు రోడ్డులో, మిలిటరీ వేలంలో బండ్లు కొని బాగుచేసే షెడ్డులో పనికి చేరారు. అక్కడి పెద్దమేస్త్రీ మూడు నెలలు స్పానరు ముట్టనివ్వకుండా చేతికి గుడ్డముక్క ఇచ్చాడట. బండి కింద ఎక్కడ తడి కనబడితే అక్కడ తుడవాలి, వాసన చూడాలి, ఏ నూనో చెప్పాలి. తప్పు చెబితే ఆ పూట టీ లేదు. ఇంజన్ నూనెది మాడు వాసన, గేరు నూనెది కుళ్లిన గుడ్డు వాసన, బ్రేకు నూనెది చేపల బుట్ట వాసన. ఇంజన్ నూనె నాలుగు చుక్కలు కారితే నేల పాడవుతుంది, అంతే. బ్రేకు నూనె కారితే మనిషి పోతాడు. పాత మిలిటరీ బండి కింద ఎప్పుడూ ఏదో ఒక తడి ఉండనే ఉంటుంది కాబట్టి, అది ఏ తడో చెప్పగలవాడికే గిరాకీ.

"ఇది బయట తెలిస్తే నా దగ్గరికి బండి ఎవడు తెస్తాడే? ముక్కు లేని మేస్త్రీ అని నవ్వుతారు. నువ్వు నోరు తెరవొద్దు, అంతే" అన్నారు.

నోరు తెరవలేదు. బదులుగా నా ముక్కు ఇచ్చాను. చిన్న చిన్న సీసాల్లో నూనెలు తెచ్చి, మధ్యాహ్నం పూట పెరటి మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి, కళ్లు మూయించి వాసన చూపించేవారు. రెండు నెలలు అన్నం సయించలేదు. ముప్పై ఏళ్లు సాంబారు ఉడికిందా లేదా అని చూసుకున్న ముక్కుకి ఈ గతి పట్టిందేమని ఏడ్చాను, తిట్టాను, చివరికి నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏ బండి కింద తుడిచిన గుడ్డయినా ప్లాస్టిక్ కవరులో కట్టుకుని ఇంటికి వచ్చేది. నేను పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కుని, వాసన చూసి చెప్పేదాన్ని. మర్నాడు ఆయన వెళ్లి, తనే కనుక్కున్నట్టు బండి వాళ్లకు చెప్పేవారు.

చెప్పేయండి, దాచడమెందుకు అని వారానికోసారి అనేదాన్ని. ముక్కు మీద కోపం మనిషికి. ముక్కు పోయినా కోపం మాత్రం అక్కడే ఉంది.

ఇలా సాగుతుండగా పోయిన పురటాసి నెలలో దినకరన్ జీపు వచ్చిపడింది. దినకరన్‌ది ఆర్.ఎస్. పురం, నూలు వ్యాపారం, ఇంట్లో తెలుగు మాట్లాడే మావాళ్లే. వాళ్ల నాన్న యాభై ఏళ్ల కింద మిలిటరీ వేలంలో కొన్న జీపు అది. ఆకుపచ్చ రంగు, ముందు అద్దం మడిచి పడుకోబెట్టే రకం. ఆ పెద్దాయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు కొడుకు దాన్ని ఆదివారం పొద్దున రేస్ కోర్సుకు తీసుకెళ్తాడు, అక్కడ పాతబండ్ల వాళ్లంతా చేరతారు. జీపు నిలబెట్టిన చోటల్లా నల్ల మచ్చ పడుతోందని స్నేహితులు ఆటపట్టించారట. ఆ అబ్బాయికి బండంటే ప్రాణమే, కానీ వంగి చూసే అలవాటు లేదు. నిలబడి ఫోటో తీసి పంపిస్తాడు.

ఈయన సోమవారం వాళ్లింటికే వెళ్లి, కారు షెడ్డులో జీపు కింద దూరి, సాయంత్రం గుడ్డ తెచ్చారు. ఇంజను వెనకాల, గేరుబాక్సు కలిసే చోట అడుగున కారుతోందట. నేను వాసన చూశాను.

"మాడిన వాసన ఉండాది. దాంతోపాటు నువ్వునూన వాసన కూడా వస్తాది" అన్నాను.

"నీ చేతి వాసన అది. పులిహోర కలిపిన చేత్తో గుడ్డ పట్టుకుంటే ఇంకేం వాసన వస్తాది?"

నిజమే, పురటాసి అంటే పెరుమాళ్ నెల. శనివారం శనివారం మా ఇంట్లో నువ్వునూనె పులిహోర. మొన్న మిగిలిన పులిహోర పులుసు డబ్బాలో సర్దుతూ లేచి వచ్చాను. అందుకని ఊరుకున్నాను.

ఆయన ఇంజను మొత్తం కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, మా ఇంటి ముగ్గుపిండి తీసుకెళ్లి దాని ఒళ్లంతా చల్లారు. ఇది ఆయన పాత పద్ధతి. ఇంజను నడిపి వదిలితే, ఎక్కడ కారుతుందో అక్కడ పిండి తడిసి గీత పడుతుంది. అరగంట నడిపారు. పిండి పిండిగానే ఉంది. మంగళవారం లేదు, గురువారం లేదు. శుక్రవారం దినకరన్ ఫోన్ చేసి, "మేస్త్రీ, సూపర్. పొడిగా ఉండాది" అన్నాడు. ఆదివారం మళ్లీ ఫోటో వచ్చింది.

"రోడ్డు మీద వేడెక్కినప్పుడే కారతాది" అని తేల్చారు. ఇంజను పైమూత కింద నూనె ఆపే బెండు ముక్క మార్చారు, అడుగు తొట్టి విప్పి దాని ముక్క మార్చారు. ఆరు రోజులు పొడి. రెండో ఆదివారం మళ్లీ తడి.

ఈసారి నేను చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, పెరట్లో నిలబడి గుడ్డ వాసన చూశాను. అనుమానమే లేదు.

"నువ్వునూనే ఇది" అన్నాను.

ఒంటికాలి మీద లేచారు. "ఇంజన్లో నువ్వునూన పోసేవాడు ఎవడే? అది ఇంజనా, ఊరగాయ జాడీనా? నలభై ఏళ్లుగా బండ్లు చూస్తాండా. తెలియకుంటే తెలియదని చెప్పు."

"తెలుసు గనకే చెప్తాండా."

"అట్లయితే నీ ముక్కు కూడా పోయినట్టే" అన్నారు.

ఆ మాట అనేసి ఆయనే హడలిపోయారు. నా ముక్కు తప్పు చెబుతోందంటే, రెండేళ్లుగా దాన్ని నమ్మి బాగుందని పంపిన బండ్లన్నీ ఏమైనట్టు? ఆ రాత్రి నుంచి ఆయన కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగారు. కూర్చుంటే లేస్తారు, లేస్తే గేటుదాకా పోయి వస్తారు. టీవీ పెట్టి, చూడకుండా కట్టేస్తారు. అన్నం ముందు కూర్చుని, "వినోత్ వ్యాను వారానికి నాలుగుసార్లు ఊటీ ఎక్కి దిగతాది" అంటారు. వినోత్ అనే అబ్బాయి టూరిస్టులను తిప్పుకుంటాడు. వాడి పాత వ్యాను వెనక చక్రం దగ్గర తడి ఉంటే గేరు నూనే, భయం లేదు అని నేను చెప్పింది ఆషాఢంలో. మర్నాడు ఏదో సాకు చెప్పి ఆ వ్యాను వెనక్కి పిలిపించి, నాలుగు చక్రాలూ విప్పి చూసుకున్నారు. నేను చెప్పింది సరిగ్గానే ఉంది. అయినా ఆయనకు నిద్ర లేదు. మిగిలిన బండ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

నాకూ భయం పట్టుకుంది, దాచడం ఎందుకు. వంటింట్లో ఇంగువ డబ్బా తీసి వాసన చూసేదాన్ని, కర్పూరం చూసేదాన్ని, ఆయన సీసాలు మళ్లీ మూతలు తీసి చూసేదాన్ని. అన్నీ సరిగ్గానే తెలుస్తున్నాయి. ఆ జీపు గుడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దీపావళి తలంటు వాసన.

మూడోవారం ఆయన గేరుబాక్సు దింపారు. అరవై రెండేళ్ల మనిషి, వాళ్ల షెడ్డులో రెండు రోజులు వెల్లకిలా పడుకుని, ఇంజను వెనక నూనె కారకుండా ఆపే తాడు సీలు తీసేసి కొత్తది కూర్చారు. ఇంటికొచ్చి నడుము పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డారు. నేను వేడినీళ్ల గుడ్డ కాపడం పెడుతుంటే గోడవైపు తిరిగి, "నాకి ముక్కుంటే మొదటిరోజే తెలిసిపోయేది పాపం ఆ పిల్లోడికి" అన్నారు. నేను గుడ్డ మళ్లీ వేడినీళ్లలో ముంచి పిండాను.

మూడో ఆదివారం ఫోటో వచ్చింది. అదే మచ్చ. కింద దినకరన్ ఏమీ రాయలేదు, ఉత్త ఫోటో. ఏదైనా తిట్టినా బాగుండేది.

నాలుగోవారం శనివారం ఆయన బయల్దేరుతుంటే నేనూ చీర మార్చుకున్నాను.

"నువ్వు యాడికి?"

"ఆర్.ఎస్. పురం. నేనే వచ్చి ఆ బండి దగ్గర నిలబడి చూస్తా."

"పెండ్లాన్ని వెంటబెట్టుకుని పోతే ఏమనుకుంటారే? సుమ్మ ఊరికే ఇంట్లో ఉండు."

ఉండలేదు. ఆయన స్కూటర్ మీద వెళ్లారు, నేను టౌన్ బస్సెక్కాను. నేను దిగి ఆ వీధిలోకి తిరిగేసరికి ఆయన గేటు బయటే నిలబడి ఉన్నారు, లోపలికి పోవడానికి మనసు రాక. నన్ను చూసి పళ్లు కొరికారు. నేను గేటు తీశాను, తీయగానే నాకు తెలిసిపోయింది. వెచ్చబెట్టిన నువ్వునూనె వాసన షెడ్డులోంచి గుప్పుమని వస్తోంది.

షెడ్డులో జీపు బోనెట్ తెరిచి ఉంది. చిన్న స్టూలు వేసుకుని, దాని మీద ఒక కాలు, బంపరు మీద ఒక కాలు పెట్టి దినకరన్ వాళ్లమ్మ చెల్లమ్మాళ్ నిలబడి ఉంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. చేతిలో ఇత్తడి గిన్నె. నూనె అరచేతిలో పోసుకుని ఇంజను నడినెత్తిన అద్దుతోంది, పిల్లవాడికి అద్దినట్టు. "చల్లగ ఉండు సామి, చల్లగ ఉండు" అంటోంది.

మా ఆయన కొయ్యబారిపోయారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన కళ్లు ఆ నూనె వెంట పోతున్నాయి. పైమూత మీంచి మెరుస్తూ జారింది, ఇంజను వెనక్కి మళ్లింది, గేరుబాక్సు కలిసే చోట సందులోకి దిగి కనబడకుండా పోయింది. రేపు పొద్దున ఇంజను వేడెక్కితే లోపలి మసినంతా కలుపుకుని నల్లగా కిందికి కారుతుంది.

పెద్దమ్మ మమ్మల్ని చూసి సిగ్గుపడింది. తనే చెప్పింది. వాళ్ల పుట్టిల్లు కోవిల్‌పట్టి వైపు, నల్లరేగడి సేద్యం. చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో శనివారం వస్తే మగవాళ్లకు తలంటు, బండి ఇరుసుకు నూనె. ఎండు ఇరుసుతో బండి గడప దాటకూడదు. పెళ్లయి వచ్చిన ఇంట్లో ఎడ్లబండి లేదు, తర్వాత జీపు వచ్చింది. పురటాసి శనివారాల్లో వాళ్లాయనకు తలంటి, జీపుకూ అంటేది. ఆ నూనె ఆయనే తుడిచేసి, ఇద్దరూ అదే జీపులో కారమడై పెరుమాళ్ దగ్గరికి వెళ్లేవారు. పోయినేడు మైల కాబట్టి చేయలేదు. ఈ ఏడు తలంటడానికి ఆయన లేడు. "ఇదొక్కటే మిగిలిండాది నాకి" అంది.

అప్పుడే దినకరన్ బయటికి వచ్చాడు. గిన్నె చూశాడు, బోనెట్ చూశాడు. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది వాడికి.

"అమ్మా! ఏమి పని ఇది? నాలుగు వారాలుగా నేను ఊరంతా నవ్వులపాలైనా! మేస్త్రీ ఇంజను మొత్తం పీకి పెట్టినారు, గేరుబాక్సు దింపినారు, అంతా నీవల్లనా? ఇంక ఈ షెడ్డులోకి అడుగు పెట్టొద్దు నువ్వు!"

పెద్దమ్మ స్టూలు మీంచి దిగబోయి తడబడింది. నేను పట్టుకున్నాను.

ఇక్కడే ఊరుకుని ఉంటే మా ఆయన తప్పించుకునేవారు. తప్పంతా ముసలామె నెత్తిన పడిపోయింది. ముక్కు మాట ఎవరూ అడగలేదు. దినకరన్ అప్పటికే, "మన్నించండ మేస్త్రీ, మీకి ఎంత కష్టం పెట్టేసినా" అంటున్నాడు. మరో నిమిషంలో కాఫీ వచ్చేది.

"అమ్మను అనొద్దు తంబీ" అన్నారు మా ఆయన. "నువ్వునూన వాసన పసిబిడ్డకి కూడా తెలుస్తాది. మొదటిరోజే నాకి తెలిసిండల్ల. తెలియలేదు. నాకి ముక్కు లేదు. కరోనాలో పోయింది, మళ్లీ రాలేదు. దాచిపెట్టినా."

రెండేళ్లు ఆ మాట చెప్పమని పోరింది నేనే. తీరా చెప్పేసరికి ఇంక అయిపోయింది మన బతుకు అనుకున్నాను.

దినకరన్ ఆయన వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అట్లయితే పోయినేడు నా కారు బ్రేకు మీరు కదా చూసినారు? చుక్క పడితే ఏమీ కాదు, తీసుకుపో అన్నారు. అందులో పిల్లలతో కొడైక్కానల్ పోయి వచ్చినా. వాసన తెలియకనే చెప్పినారా?"

"తెలియకుండా చెప్పలేదు. ప్రతి గుడ్డా ఈమె వాసన చూసి చెప్పింది. ఇందులో కూడా నువ్వునూన అని మొదటిరోజే చెప్పింది. నేనే చెవిన వేసుకోలేదు. ఆమె ముక్కు పోయిందని తిట్టినా. నీకి చెప్పకుండా చేసినా చూడు, అది తప్పే."

దినకరన్ నన్ను ఎగాదిగా చూశాడు. నేను బస్సు టికెట్టు నలుపుతూ నిలబడ్డాను. అతను జీపు తాళంచెవి తీసి జేబులో వేసుకుని, "సరి, నేను ఫోన్ చేస్తా" అని లోపలికి వెళ్లిపోయాడు. ఇంతవరకు చేయలేదు.

పెద్దమ్మ మాత్రం గిన్నె పట్టుకుని అక్కడే ఉంది. "నేను ఇంక పోయకూడదా తంబీ?" అని అడిగింది.

"నెత్తిన వద్దు పెద్దమ్మా. కింద పట్టీ స్ప్రింగులు ఉండాయి కదా, వాటికి పొయ్యండ. వాటికి మంచిదే" అని, ఆయన వంగి, నడుము నొప్పితో మూలుగుతూనే ఎక్కడెక్కడ పోయాలో చూపించారు.

ఇంటికి వచ్చాక ఆయన సాయంత్రం ఫోనూ కళ్లజోడూ తీసుకుని పెరటి మెట్ల మీద కూర్చున్నారు. నేను దోసెల పిండి రుబ్బుతూ వంటింట్లోంచి వింటున్నాను. రెండేళ్లలో తను చూసిన బండి వాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నారు. ప్రతిసారీ అదే మాట, మొదట గొంతు సవరించుకోవడం, తర్వాత చెప్పేయడం. నమ్మకం లేకుంటే ఇంకొకరి దగ్గర చూపించుకోండి, లేకుంటే బండి తీసుకురాండి, ఊరికే చూసిపెడతా అంటున్నారు. ఇద్దరు మధ్యలోనే పెట్టేశారు. ఒకాయన తిట్టాడు, ఇంతదూరం వినబడింది. ఈయన తలూపుతూ విన్నారు, ఫోన్‌లో తల ఊపితే ఎవరికి కనబడుతుంది. ప్రతి ఫోన్‌కీ లేచి పెరడంతా ఒకసారి తిరిగి వచ్చి మళ్లీ కూర్చుంటున్నారు.

చివరికి వినోత్‌కు చేశారు. ఊటీ వ్యాను. అంతా చెప్పి ఆగారు. అవతల ఏదో అడిగాడు.

"నేను కాదు" అన్నారు ఆయన. "వాసన చూసింది పాంచాలి. మా ఇంటావిడ. పేరు పాంచాలి."

నేను గ్రైండరు కట్టేశాను. పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. నన్ను ఇంట్లో 'ఏమే' అంటారు, బయట 'ఇంట్లోవాళ్లు' అంటారు. ఆయన పనికి సంబంధించిన మనిషికి ఆయన నా పేరు చెప్పడం నేను విన్నది అదే మొదలు.

ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి ఫోన్ నా వైపు చాచారు. "నీతోనే మాట్లాడాలంట" అన్నారు. నా చేతుల నిండా పిండి. ఆయనే పట్టుకుని నా చెవి దగ్గర పెట్టారు.

"అక్కా, ఈ రోజు మళ్లీ చక్రం దగ్గర తడి పడింది" అన్నాడు వినోత్. "రేపు పొద్దున ఆరింటికి సవారీ ఉండాది. పోవచ్చా?"

ఫోన్ పట్టుకున్న ఆయన ఏం చెబుతానా అని నా ముఖంలోకే చూస్తున్నారు.

"చూడకుండా పోవద్దు" అన్నాను. "తుడిచిన గుడ్డ తీసుకుని ఇప్పుడే రా నాయనా. నేను చూసి చెప్తా."